ఖాళీ చేసిన ఇంటికీ బిల్లొస్తుంది

తిరువూరులో అద్దె ఇల్లు మారడమంటే పెద్ద ప్రయాణమేమీ కాదు. బోసుబొమ్మ సెంటర్‌కు అటు వీధి నుంచి ఇటు వీధికి ట్రాలీ ఆటో రెండు ట్రిప్పులు వేస్తే సామానంతా చేరిపోతుంది. మంచి రోజు చూస్తాం, పాలు పొంగిస్తాం, గిన్నెలూ బిందెలూ లెక్కపెట్టుకుంటాం. పాత ఇంటి మీటరు వైపు మాత్రం చూడం. నెల తిరిగేసరికి పాత ఓనరు ఫోను చేస్తాడు: "బాబూ, మీ లెక్కలో ఇంకా కరెంటు బిల్లుందయ్యా." ఆ బిల్లు గురించి, దానికి అక్కాచెల్లెళ్లయిన ఫోను, గ్యాసు లెక్కల గురించి కొన్ని విశేషాలు.

★ కరెంటు సర్వీసు నంబరు మనిషిది కాదు, ఇంటిది. పేరు ఓనరుది, డిపాజిట్టూ ఓనరుదే. అద్దెకున్నవాళ్లు పదేళ్లు బిల్లు కట్టినా కంపెనీ పుస్తకాల్లో వాళ్ల పేరు ఎక్కడా ఉండదు. బకాయి ఎవరిదైనా లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పీకేది ఆ పూట ఆ ఇంట్లో ఉన్నవాళ్లదే.

★ తిరువూరు ఉన్నచోటే ఉంది గానీ దానికి కరెంటు అమ్మే సంస్థ మారుతూ వచ్చింది. 1959లో ఏర్పడిన విద్యుత్ బోర్డు 1999లో రెండుగా విడిపోయింది. 2000లో పంపిణీ కంపెనీలు పుట్టాక కృష్ణా జిల్లా తిరుపతి కేంద్రంగా ఉన్న ఎస్పీడీసీఎల్ కిందికి వెళ్లింది. 2020 ఏప్రిల్ నుంచి విజయవాడ కేంద్రంగా సీపీడీసీఎల్ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా విడిపోయి తిరువూరు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. ఇన్ని మారినా బకాయి మాత్రం పాత అడ్రసు మరిచిపోలేదు. ఎలాగంటారా?

2014 నుంచి 2019 దాకా కరెంటు సరఫరాకు అనుకున్నదానికంటే ఎక్కువ ఖర్చయిందని, ఆ తేడాను 'ట్రూఅప్' పేరుతో వినియోగదారుల నుంచి రాబట్టుకోవచ్చని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి (ఏపీఈఆర్సీ) 2021 ఆగస్టులో అనుమతి ఇచ్చింది. మొత్తం 3,669 కోట్లు. తిరువూరు వాళ్ల వాటాకు యూనిట్‌కు 1 రూపాయి 23 పైసలు పడింది. విశాఖ వైపు ఈపీడీసీఎల్ వాళ్లకు 45 పైసలే. గగ్గోలు పుట్టి, విషయం హైకోర్టు దాకా వెళ్లాక ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు, వసూలు చేసింది తర్వాతి బిల్లుల్లో సర్దారు. మళ్లీ విచారణ జరిపి, మొత్తాన్ని తగ్గించి, 2022 ఆగస్టు నుంచి యూనిట్‌కు 22 పైసల చొప్పున వాయిదాల్లో మొదలుపెట్టారు. అంటే ఆ కరెంటు అమ్మింది తిరుపతి కంపెనీ, వసూలు చేసింది విజయవాడ కంపెనీ. 2015లో ఆ ఇంట్లో ఫ్యాను తిప్పుకున్నది ఒక కుటుంబం, 2022లో డబ్బు కట్టింది మరో కుటుంబం. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

★ దీనికి తోడు సర్దుబాటు ఛార్జీ మరొకటి. ఎఫ్‌పీపీసీఏ అని బిల్లులో చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. బొగ్గు ధర, బయట కొన్న కరెంటు ధర పెరిగితే ఆ తేడా. 2021–22లో ఏ నెల ఎన్ని యూనిట్లు కాల్చారో చూసి, ఆ లెక్క ప్రకారం 2023–24లో అదే నెల బిల్లుకు కలిపారు. మధ్యలో రెండేళ్లు. ఈలోగా అద్దెదారు ఇల్లు మారి, ఆ కొత్త ఇంటికి ముందున్నవాళ్ల సర్దుబాటు ఛార్జీ తను కట్టి, తన పాత ఇంటి సర్దుబాటు ఇంకెవరో కట్టి ఉంటారు. 2023 నుంచి నెలనెలా వేసే సర్దుబాటు అయితే రెండు నెలల తర్వాతి బిల్లులో వస్తుంది. ఏప్రిల్‌లో వాడినదానికి జూన్‌లో వడ్డన. మే నెలాఖరుకు ఖాళీ చేసినవాడు తప్పించుకున్నట్టే, జూన్‌లో దిగినవాడు ఇరుక్కున్నట్టే.

★ అసలు రూలేమంటుందో తెలుసా? కేంద్రం 2020 డిసెంబరు 31న విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమావళి తెచ్చింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ముందుగా రాతపూర్వకంగా తెలియజేస్తే కంపెనీ ప్రత్యేకంగా రీడింగ్ తీయించాలి, పాత బకాయిలతో సహా ఆఖరి బిల్లు ఇవ్వాలి. ఆ బిల్లు ఇచ్చాక, అంతకు ముందు కాలానికి అందులో లేని పైసా అడిగే హక్కు కంపెనీకి ఉండదు. డబ్బు కట్టినవాళ్లకు బకాయిలు లేవని సర్టిఫికెట్ ఇవ్వాలి. చదవడానికి ఎంతో బాగుంది. ఈ రూలు, పైన చెప్పిన రెండేళ్ల నాటి సర్దుబాటు ఒకే దేశంలో ఎలా కాపురం చేస్తున్నాయో నాకైతే ఇప్పటికీ అంతుపట్టదు. అయినా ఆ దరఖాస్తు పెట్టేవాళ్లు ఎంతమంది? కనీసం ఓనరు చేత ఒక ఉత్తరం రాయించి సెక్షన్ ఆఫీసులో ఏఈ గారికి ఇచ్చి, దాని నకలు మీద స్టాంపు వేయించుకుంటే రేపు గొడవలో అదే ఆధారం.

★ రెండు నెలల రీడింగ్ ఒకే నెలలో పడితే ఏమవుతుంది? యూనిట్లు అవే కదా, ఏముందిలే అనుకుంటాం. లెక్క వేసి చూడండి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇళ్ల రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, అక్కడి నుంచి 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. నెలకు 75 యూనిట్లు కాల్చే ఇంటికి యూనిట్ల ఛార్జీ 192 రూపాయలు, రెండు నెలలకు 384. ఇల్లు మారే హడావుడిలో తలుపు తాళం వేసి ఉందని ఒక నెల రీడింగ్ తీయలేదు, మరుసటి నెల 150 యూనిట్లూ కలిపి ఒకే నెల కింద కొట్టారు అనుకుందాం. అప్పుడు 567. కాల్చింది అంతే, పెరిగింది 183 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం ఇందులో కలపలేదు. ఇళ్లు మారాక వచ్చే బిల్లు గొడవల్లో చాలా వాటికి మూలం ఇక్కడే ఉంటుంది. రీడింగ్ ఎన్ని రోజులకు తీశారో బిల్లు మీదే ఉంటుంది, ముందు తేదీలు చూడండి. నెలలవారీగా విడగొట్టి మళ్లీ లెక్క కట్టమని అడగడం మీ హక్కు.

★ ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరులో అంకెలు ఒక్కచోట నిలవవు. తేదీ, సమయం, వోల్టేజి, గరిష్ఠ డిమాండ్ ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. ఫోటో తీసినవాళ్లలో చాలామంది తీసేది వోల్టేజి అంకె. అంకె పక్కన 'కేడబ్ల్యూహెచ్' అని వచ్చేదాకా ఆగి నొక్కాలి. మీటరు నంబరు కూడా ఫ్రేములో పడాలి. తాళాలు ఇచ్చే రోజు ఓనరును పక్కన నిలబెట్టుకుని తీస్తే మరీ మంచిది.

★ బిల్లు తప్పని గొడవ పెట్టుకుంటే కరెంటు తీసేస్తారని భయం. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్ దీనికి దారి చూపింది. అడిగిన మొత్తం గానీ, గత 6 నెలల సగటు ప్రకారం లెక్కగట్టిన మొత్తం గానీ, రెండింట్లో ఏది తక్కువైతే అది 'అభ్యంతరంతో కడుతున్నాను' అని రాసిచ్చి కడితే, వివాదం తేలేదాకా కరెంటు తీయకూడదు. మామూలుగా తీయాలన్నా 15 రోజుల నోటీసు ఇవ్వాల్సిందే.

★ అదే సెక్షన్‌లో రెండేళ్ల గడువు కూడా ఉంది. బకాయిని బిల్లుల్లో వరుసగా చూపించకుండా రెండేళ్లు ఊరుకుంటే వసూలు కుదరదు. దీనికి సుప్రీంకోర్టు 2020లో ఒక మెలిక వేసింది. రాజస్థాన్‌లో ఒక వినియోగదారుడికి 2009–11 మధ్య తప్పు రేటు వేసి, ఆ సంగతి తర్వాత తెలుసుకుని 2014లో అదనపు బిల్లు పంపారు. బిల్లు పంపొచ్చు, దాని పేరు చెప్పి కరెంటు మాత్రం తీయకూడదు అంది కోర్టు.

★ ఇల్లు కొన్నవాళ్ల సంగతి వేరు. పాత ఓనరు బకాయి కొత్త ఓనరు కట్టనక్కర్లేదని 1995లో ఇషా మార్బుల్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉండేది. 2023 మే 19న కె.సి. నినాన్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, నిబంధనల్లో అలా రాసి ఉంటే కొత్త ఓనరు నుంచి పాత బకాయి అడగొచ్చని తేల్చింది. రిజిస్ట్రేషన్‌కు ముందు ఈసీ తీయించినట్టే కరెంటు బకాయి కూడా తీయించి చూసుకోవాలన్నమాట.

★ తిరువూరు దాటి కాస్త పోతే తెలంగాణ. పెనుబల్లికో సత్తుపల్లికో మకాం మారిస్తే కరెంటు కంపెనీ మారి వరంగల్ కేంద్రంగా ఉన్న ఎన్‌పీడీసీఎల్ అవుతుంది. సెల్‌ఫోను లెక్కలో మాత్రం రాష్ట్రం ఇంకా విడిపోలేదు. రెండు రాష్ట్రాలకూ కలిపి టెలికాం సర్కిల్ ఒక్కటే, దాని పేరు ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్.

ఆ ఎన్‌పీడీసీఎల్ పరిధిలోనే 2023 జనవరిలో ఏసీడీ పేరుతో అదనపు డిపాజిట్ బిల్లుల్లో కలిపి వేస్తే ఊళ్లల్లో ధర్నాలు జరిగాయి. అద్దెదారులకు కడుపు మండింది ఎందుకంటే, కట్టేది వాళ్లు, ఆ డిపాజిట్ ఎప్పటికైనా తిరిగి చేరేది ఓనరుకు. దాని మీద ఏటా వడ్డీ బిల్లులో తగ్గించాలని నిబంధన ఉంది. ఖాళీ చేసేటప్పుడు ఏసీడీ కట్టిన బిల్లు చూపించి అడ్వాన్సులో కలిపి ఇమ్మని అడిగినవాడు తెలివైనవాడు.

★ అహ్మదాబాద్‌లో ఒక ఫోను వినియోగదారుడికి నెలకు సగటున 555 రూపాయల బిల్లు వచ్చేది. 2013 చివర్లో ఒక నెల 24,609 రూపాయల బిల్లు వచ్చింది. వినియోగదారుల ఫోరానికి వెళ్తే, టెలిగ్రాఫ్ చట్టం ప్రకారం ఇది మధ్యవర్తి దగ్గర తేలాల్సిందే, మీకు అధికారం లేదు అని కంపెనీ వాదించింది. 1885 నాటి చట్టం అది. అంతకుముందే 2009లో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో ఆ మాటే అనడంతో టెలిఫోన్ బిల్లు తగాదాలకు ఫోరం తలుపులు మూసుకుపోయాయి. ఈ అహ్మదాబాద్ కేసు నడిచి నడిచి, 2022 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు ఆ తలుపులు మళ్లీ తెరిచింది. బిల్లు సరైనదా కాదా అన్నది అప్పటికీ తేలలేదు, ఎక్కడ తేల్చాలన్నది తేలడానికే అన్నేళ్లు పట్టింది.

★ పోస్ట్‌పెయిడ్ బాకీ ఉంచి నంబరును వేరే కంపెనీకి పోర్ట్ చేయడం కుదరదు. పోర్ట్ అయ్యాక పాత బాకీ బయటపడినా, పాత కంపెనీ మాట మీద కొత్త కంపెనీయే నంబరు ఆపేస్తుంది.

★ ఊరు మారితే గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు పాత ఏజెన్సీకి అప్పగించి కాగితం తీసుకెళ్లాలి. తిరిగి వచ్చే డిపాజిట్, కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన ఎస్వీ (సబ్‌స్క్రిప్షన్ వోచర్) కాగితంలో ఉన్నంతే. 2022 జూన్ 16న సిలిండరు డిపాజిట్ 1,450 నుంచి 2,200 అయింది, కానీ అంతకుముందు కనెక్షన్ తీసుకున్నవాళ్లకు అప్పటి రేటే తిరిగొస్తుంది. కాబట్టి పెళ్లినాటి ఆ కాగితాన్ని పారేయకండి. ఊళ్లోనే ఇల్లు మారితే సిలిండరు అప్పగించక్కర్లేదు, అడ్రసు మారిస్తే చాలు.

★ మనవాళ్లు వేలల్లో ఉన్న డాలస్ చుట్టుపక్కల కరెంటు కంపెనీని ఎవరికి వారే ఎంచుకుంటారు. 2002 నుంచి టెక్సాస్‌లో చాలా చోట్ల అదే పద్ధతి. గడువుకు ముందే కనెక్షన్ వదిలేస్తే జరిమానా ఉంటుంది, ఇల్లు మారుతున్నామని కొత్త అడ్రసు చూపిస్తే మాత్రం ఉండదు. బ్రిటన్‌లోనైతే కంపెనీ తప్పు వల్ల బిల్లు వేయడం ఆలస్యమైతే, 12 నెలలు దాటిన వాడకానికి డబ్బు అడగకూడదని 2018లో రూలు పెట్టారు. మన 2021–22 సర్దుబాటు గుర్తొచ్చి అసూయ పుడుతుంది.

★ ఇక ఎక్కడికి వెళ్లాలి? కరెంటుకు ముందు 1912. అక్కడ తేలకపోతే విజయవాడలో వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక, ఆ పైన విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయరు అక్కర్లేదు. కరెంటు, నీళ్లు, ఫోను లాంటి సేవల కోసమే శాశ్వత లోక్ అదాలత్ అని ఒకటుంది, చాలామందికి తెలియదు. రుసుము లేదు, కోటి రూపాయల దాకా వినొచ్చు, రాజీ కుదరకపోతే తీర్పు కూడా చెప్పగలదు. దొంగ కరెంటు కేసులు వేరు, వాటికి వినియోగదారుల కమిషన్‌లో చోటు లేదని 2013లోనే తేల్చారు.

ఇల్లు మారినవాళ్లకు అన్నిటికంటే పనికొచ్చేది మరొకటి. 2019 వినియోగదారుల చట్టం 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో కంపెనీ ఉన్నచోటో, గొడవ పుట్టినచోటో కేసు వేయాలి. ఇప్పుడు మీరు నివసించేచోటే వేయొచ్చు. తిరువూరు ఇంటి ఇంటర్నెట్ బిల్లు గొడవను కూకట్‌పల్లిలో కాపురం ఉంటూ అక్కడి జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. 5 లక్షల దాకా ఫీజు లేదు. ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు. సలహాకు 1915. గడువు, గొడవ పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. అందుకని పాత ఇంటి ఆఖరి బిల్లు, కట్టిన రసీదు, మీటరు ఫోటో రెండేళ్లు నిండేదాకా దాచండి.