రసమును చిక్కపరచు యంత్రమునకు పంపు నెన్నుకొనుట

చెట్టు రసమునుండి పాకముగాని బెల్లముగాని తీయు రైతునకు అసలైన శత్రువు నీరు. ఆ నీటిని ఆవిరిగా మార్చుటకే వంటచెరకంతయు వ్యయమగుచున్నది. ఈ కష్టము మన తాటిబెల్లపు పనివారికే గాక, కెనడాలోని క్విబెక్ రాష్ట్రమునందును, అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమునందును మేపుల్ చెట్ల రసమును వండు రైతులకును గలదు. వారిలో చాలమంది, మరుగబెట్టుటకు ముందే కొంత నీటిని సన్నని పొరగుండ వెడలించు యంత్రమును వాడుచున్నారు. మన యిండ్లలో త్రాగునీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. యంత్రము పనిచేయు విధమే దీనిదియు. అచ్చట నీరు కావలెను, మిగిలినది పారబోయుదుము. ఇచ్చట మిగిలిన చిక్కని రసమే కావలెను. చిన్న రైతులు దీనిని స్వయముగా కూర్చుకొనునప్పుడు మిక్కిలి యాలోచింపవలసినది పంపును గూర్చియే. ఆ విషయమును, మన నీరాకు ఇది పనికివచ్చునా యను విషయమును ఇచ్చట వివరింతుము.

లాభమెంత?

మేపుల్ రసము నీటివలె తేటగా నుండును. అందు చక్కెర నూటికి సుమారు 2 పాళ్లు మాత్రమే. 86ను చక్కెర శాతముచే భాగించినచో, ఒక పాలు పాకమునకు ఎన్ని పాళ్ల రసము కావలెనో తెలియునని అచ్చటి రైతుల లెక్క. 2 శాతమున్న రసము 43 లీటర్లు కాచినగాని ఒక లీటరు పాకము రాదు. దానిని ముందుగా 4 శాతమునకు చిక్కపరచినచో 21½ లీటర్లు కాచిన చాలును. వంటచెరకు ఇంచుమించు సగము మిగులును. పాకమునకు రంగును రుచియు పొయ్యిమీదనే కలుగును గనుక, కడపటి వంట తప్పదు.

ఒత్తిడి

చక్కెర నీటిని తనవైపునకు లాగుకొనును. ఆ లాగుడును మించి నెట్టినగాని నీరు పొరను దాటదు. రసములో చక్కెర 2 శాతమున్నచో ఆ లాగుడు చదరపు అంగుళమునకు సుమారు 20 పౌనులు. 4 శాతమున్నచో సుమారు 40. 8 శాతమున్నచో సుమారు 90. కావున రసమును ఎంత చిక్కపరచదలచితిమో ముందు నిశ్చయించి, పిమ్మట పంపును వెదకవలయును. ఇంటి ఆర్.ఓ. యంత్రములలోని చిన్న పంపు సుమారు 100 పౌనులు నెట్టగలదు. 4 శాతమువరకు అది చాలును. 8 శాతమును కోరినచో దాని బలమంతయు లాగుడుతోనే సరిపోవును.

మన రైతులకు తెలిసిన మాటలో చెప్పవలెనన్న, 100 పౌనుల ఒత్తిడి 231 అడుగుల యెత్తునకు నీరెక్కించుటతో సమానము. పొలములలోని సాధారణపు పంపు ఈ పనికి చాలదు. పంపుపై వ్రాసియుండు గరిష్ఠపు ఎత్తు నీరు పారనప్పటిది; పారకము హెచ్చినకొలది ఒత్తిడి తగ్గును. మనకు కావలసిన పారకమువద్ద ఒత్తిడి యెంతయో అమ్మువానిని పట్టికతో సహా చూపుమని యడుగవలయును.

పారకము

పొరదాటు నీటికి సరిపడు రసమును మాత్రమే పంపినచో చాలదు. పొర ముఖముపై రసము వేగముగా పారుచుండవలయును. లేనిచో చక్కెరయు మడ్డియు అచ్చట పేరుకొని పొర మూసుకొనును. అందుచే వెడలించు నీటికి అనేక రెట్లు రసమును పంపు త్రిప్పుచుండవలెను. చలి రసములో పొర మందముగా పనిచేయును. 25 డిగ్రీలవద్ద వ్రాసిన లెక్కలో 5 డిగ్రీలవద్ద వచ్చునది సుమారు సగమే.

నిమిషమునకు 10 లీటర్లను 150 పౌనుల ఒత్తిడితో త్రిప్పవలెనన్న, నష్టములను గూడ చేర్చి, అర హార్సుపవరు మోటారు సరిపోవును. నీటిని మరిగించి పోగొట్టుటతో పోల్చినచో, పంపునకు పట్టు శక్తి వందల వంతులలో నొకటి మాత్రమే.

పంపులలో భేదములు

చిన్న డయాఫ్రం పంపు చవుక. కొంతసేపు పొడిగా నడచినను చెడిపోదు. కాని పారకము తక్కువ. వేను పంపు 250 పౌనులవరకు నెట్టగలదు, స్థలము తక్కువ పట్టును. కాని పొడిగా నడచినను, ఇసుక తగిలినను త్వరలో అరిగిపోవును. దాని ముందు 5 మైక్రానుల వడపోతయు, రసము రానప్పుడు మోటారును ఆపు స్విచ్చియు తప్పక యుండవలెను. ఇవి రెండును మార్గము మూసినను నెట్టుచునే యుండును గనుక, హెచ్చు ఒత్తిడిని విడుచు కవాటము లేనిచో గొట్టము పగులును. అనేక చక్రములుగల సెంట్రిఫ్యూగల్ పంపు పారకము హెచ్చుగా గల పెద్ద యంత్రములకు తగినది.

రసము ఆహారము. సీసము కలిసిన ఇత్తడి పంపు ఎంత చవుకగా దొరకినను కొనరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు గాని, సీసములేని ఇత్తడి గాని యుండవలెను. పొరను బ్లీచింగుపొడి నీటితో కడుగరాదు. అందలి క్లోరిను పొరను పాడుచేయును. పని ముగియగనే, పొరదాటి వచ్చిన శుభ్రమైన నీటితోనే కడుగుట మేలు.

మన నీరా మాట

మేపుల్ రసమునకు సరిపోయిన పంపు నీరాకును సరిపోవునని తలంపరాదు. తాటి నీరాలో చక్కెర సాధారణముగా 10 శాతమునకు పైబడియుండును. దాని లాగుడు మొదటనే 100 పౌనులను దాటును. ఇంటి ఆర్.ఓ. పంపును దానికి తగిలించినచో, మోటారు తిరుగును, కరెంటు ఖర్చగును గాని, పొరదాటి నీరు రాదు. అంతకు మించిన పంపు తెచ్చినను మరి రెండు చిక్కులు గలవు. పులియకుండుటకై కుండలకు పూయు సున్నము రసములో కరగి పొరపై పెచ్చుగట్టును. నీరా మేపుల్ రసమువలె తేటగా నుండదు గనుక పొర త్వరగా మూసుకొనును.

కావున ఎవరైనను చవుక యంత్రమును చూపి, దీనితో వంటచెరకు సగము మిగులునని చెప్పినచో, సభ్యులు ఒంటరిగా సొమ్ము చెల్లింపరాదు. రసములో చక్కెర యెంత? పంపు ఆ పారకమువద్ద ఎంత ఒత్తిడి నిచ్చును? రసము తగులు లోహమేది? సున్నమును ముందు తీసివేయు ఏర్పాటు కలదా? ఈ నాలుగు ప్రశ్నలకును వ్రాతపూర్వకముగా జవాబు తీసికొని సంఘమునకు చూపవలయును. జవాబులు సరిగా నున్నచో, సంఘము తరఫున ఒక్క యంత్రమును మన నీరాతోనే కొన్ని దినములు నడిపించి, మిగిలిన వంటచెరకును తూచి చూచిన పిమ్మట కొనవచ్చును. అంతవరకు పొయ్యిని బాగుచేసికొని, వేడిమి వ్యర్థము గాకుండ చూచుకొనుటయే నష్టములేని మార్గము.