పంపడం తేలిక, ఆపడమే కష్టం

సింగపూర్‌లోని తంజోంగ్ పగార్ రోడ్డు పెళ్లి దుస్తుల దుకాణాలకు పేరుపడ్డ వీధి. అక్కడ ఒక దుకాణం ఉందనుకుందాం. కాబోయే పెళ్లికూతురు కొలతలివ్వడానికి ఫోన్లో సమయం బుక్ చేసుకుంటూ పేరు, ఈమెయిల్, నంబరు ఇస్తుంది. ‘కొత్త డిజైన్ల సమాచారం పంపండి’ అన్న గడిలో టిక్కు పెడుతుంది. బుకింగ్ సాఫ్ట్‌వేర్ దుకాణానిది. ప్రచార ఈమెయిళ్లు పంపేది మాత్రం మెయిల్‌చింప్ లాంటి బయటి కంపెనీ. ఈ రెండింటి మధ్య మాటలు నడిపేది ఏపీఐ.

ఈ పేటను ఆనుకునే ఉన్న తంజోంగ్ పగార్ రేవుకు 1972 జూన్ 23న ‘నిహోన్’ అనే ఓడ 300 కంటైనర్లతో వచ్చింది. ఆ రేవుకు వచ్చిన తొలి కంటైనర్ ఓడ అదే. పెట్టెలో ఏముందో క్రేనుకు అనవసరం. పెట్టె కొలతలు, మూలల్లో పట్టుకునే చోట్లు ముందుగా ఒప్పుకున్నట్టు ఉంటే చాలు, ఎత్తి దించేస్తుంది. ఏపీఐ కూడా అలాంటి ఒప్పందమే. ఏ చిరునామాకు, ఏ రూపంలో పంపాలో బయటి కంపెనీ రాసిపెడుతుంది. మన సాఫ్ట్‌వేర్ ఆ ప్రకారమే వివరాలను జేసన్ అనే రూపంలో పేర్చి, పంపేది తనేనని రుజువుగా ఒక రహస్య కీ జతచేస్తుంది. ఆ కీ సర్వర్‌లోనే ఉండాలి. ఫోన్ యాప్‌లో పెడితే, యాప్‌ను విప్పి చూడగలిగినవాడెవడైనా మీ ఖాతాదారుల జాబితా మొత్తం ఎత్తుకుపోగలడు.

జవాబు అంకెల్లో వస్తుంది. 200 అంటే పని అయింది. 401 అంటే కీ చెల్లలేదు. 429 అంటే మరీ తొందరపడుతున్నారు, ఆగండి అని. అప్పుడు ఒక సెకను, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది అంటూ వ్యవధి పెంచుకుంటూ మళ్లీ అడగాలి.

అసలు చిక్కు జవాబే రానప్పుడు. పేరు చేరిందా, లేదా? మళ్లీ పంపితే ఒకే మనిషి రెండుసార్లు నమోదవుతుందేమో! మెయిల్‌చింప్ దీనికి చక్కటి ఉపాయం పెట్టింది. ఈమెయిల్‌ను చిన్న అక్షరాల్లోకి మార్చి, ఎండీ5 అనే గణితపద్ధతితో 32 అక్షరాల గుర్తు తయారుచేస్తారు. ఒకే ఈమెయిల్‌కు ఎప్పుడు లెక్కకట్టినా ఆ గుర్తే వస్తుంది. ‘ఈ గుర్తున్న మనిషి ఉంటే వివరాలు సరిచెయ్యి, లేకుంటే చేర్చు’ అని పదిసార్లు చెప్పినా జాబితాలో ఒక్కరే ఉంటారు.

ఇంతవరకు చాలామంది ప్రోగ్రామర్లు బాగానే చేస్తారు. తిరుగుదారినే మరిచిపోతారు. ఆ అమ్మాయి పెళ్లయ్యాక మెయిల్ అడుగున ఉన్న ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కితే ఆ సంగతి తెలిసేది బయటి కంపెనీకి. దుకాణం సాఫ్ట్‌వేర్‌లో పాత టిక్కు అలాగే ఉంటుంది. మర్నాడు జాబితా మొత్తాన్ని మళ్లీ పంపితే, వద్దన్న మనిషికి మళ్లీ ఉత్తరాలు మొదలవ్వచ్చు. దీనికి విరుగుడు వెబ్‌హుక్: మార్పు జరగ్గానే బయటి కంపెనీయే మన సర్వర్‌కు కబురు పెట్టే ఏర్పాటు. అది ఒక్కోసారి రెండుసార్లు వస్తుంది, ఒక్కోసారి అసలే రాదు. అందుకని రోజుకొకసారైనా రెండు జాబితాలనూ సరిపోల్చుకోవాలి. తేడా కనిపిస్తే ‘వద్దు’ అన్నదే నెగ్గాలి.

ఇది మర్యాద ఒక్కటే కాదు, చట్టం కూడా. సింగపూర్‌లో 2007 నాటి స్పామ్ నియంత్రణ చట్టం ప్రకారం, వద్దని చెప్పిన 10 పనిదినాల తర్వాత ప్రచార సందేశాలు పంపకూడదు. ప్రచార కాల్స్, సందేశాలు వద్దనుకునేవారి ఫోన్ నంబర్ల కోసం ‘డు నాట్ కాల్’ రిజిస్ట్రీ 2014 జనవరి 2న అమల్లోకి వచ్చింది. 2021 చివర్లో ఓసీబీసీ బ్యాంకు పేరుతో వచ్చిన దొంగ ఎస్సెమ్మెస్‌లు నమ్మి దాదాపు 790 మంది 1.37 కోట్ల సింగపూర్ డాలర్లు పోగొట్టుకున్నారు. అలాంటి మోసాలను ఆపడానికి 2023 జనవరి 31 నుంచి, నంబరుకు బదులు పేరుతో ఎస్సెమ్మెస్ పంపే సంస్థ ఆ పేరును ముందే నమోదు చేసుకోవాలి. లేదంటే ఆ సందేశం ‘లైక్లీ స్కామ్’ ముద్రతో చేరుతుంది. మన దేశంలోనూ వ్యాపార ఎస్సెమ్మెస్‌లకు పంపేవారి పేరు, సందేశం నమూనా టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే రిజిస్ట్రీలో నమోదై ఉండాలి. ఏపీఐని సవ్యంగా పిలిచినా నమూనా కలవకపోతే సందేశం దారిలోనే ఆగిపోతుంది.

మీ దుకాణానికో, సంస్థకో ఇలాంటి ఏర్పాటు చేయిస్తుంటే, మొదటి మెయిల్ అందిందని చూసి డబ్బు చెల్లించేయకండి. మీ ఈమెయిల్‌తోనే చేరి, వెంటనే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కి, మీ సొంత జాబితాలో ఆ టిక్కు పోయిందో లేదో చూశాకే బిల్లు కట్టండి.