సూదిమొన రంధ్రం

తమిళనాడులో పెన్నాగరం పక్క కొండల్లో కోట్టూరు అనే ఊరుంది. ఎన్నికలప్పుడు ఓటింగ్ యంత్రాలను గాడిదల మీద ఎక్కించి చేర్చిన ఊరది. అలాంటి చోట ఎవరికైనా కడుపునొప్పి వస్తే కొండ దిగి పెన్నాగరం ప్రభుత్వాసుపత్రికి, అవసరమైతే ఇంకో 30 కిలోమీటర్ల అవతల ధర్మపురికి చేరేసరికి ఎంత పొద్దు గడిచిపోతుందో! 24 గంటల నొప్పి అని మనవాళ్ళు చెప్పుకునే అపెండిసైటిస్‌లో, అంటే అపెండిక్స్ వాపులో, ఆ గడిచిన పొద్దు తెలియకపోతే రక్తపరీక్ష చీటీకి అర్థమే లేదు.

చీటీలో ముందుండేది తెల్లకణాల కౌంటు. ఒకప్పుడు రక్తాన్ని పల్చన చేసి, గళ్ళ గాజుపలక మీద పోసి, మైక్రోస్కోపులో కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టేవారు. కళ్ళు పీకేవి, మనిషికో లెక్క వచ్చేది. ఎక్స్‌రే యంత్రాలు అమ్ముతూ ఆసియా ఆసుపత్రులు తిరిగిన అమెరికన్ వాలెస్ కౌల్టర్ ఈ అవస్థ కళ్ళారా చూశాడు. షికాగోలో ఇంటి నేలమాళిగలో కూర్చుని ఉపాయం కనిపెట్టాడు. ఉప్పునీటిలో కలిపిన కణాలను సన్నని రంధ్రం గుండా పీల్చి, అందులోంచి కరెంటు పంపాడు. కణం దూరిన ప్రతిసారీ కరెంటు ఒక్క క్షణం అదురుతుంది. అదురు ఎంత పెద్దదైతే కణం అంత పెద్దది. మొదటి రంధ్రాన్ని సిగరెట్ పెట్టె మీది సెల్లోఫేన్ కాగితానికి కాల్చిన సూదితో పొడిచాడట! 1949లో దరఖాస్తు పెడితే 1953లో పేటెంటు వచ్చింది. తెల్లకణాల కోసం మాత్రం ముందు ఎర్రకణాలను మందుతో కరిగించాలి.

యంత్రానికి లెక్క తెలుసు, కారణం తెలియదు. 11 వేలు దాటిన కౌంటు న్యుమోనియాలోనూ కనిపిస్తుంది, నిండు గర్భిణిలోనూ కనిపిస్తుంది. 1986లో అల్వరాడో అనే వైద్యుడు అపెండిసైటిస్‌కు 10 మార్కుల పద్ధతి పెట్టి, రక్తానికి 3 మార్కులే ఇచ్చాడు. మిగిలిన 7 రోగి చెప్పే మాటకూ డాక్టరు పరీక్షించి చూసేదానికీ. న్యాయమైన పంపకమే.

రెండో సాక్షి సిఆర్‌పి, అంటే సి-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ దాన్ని న్యుమోనియా రోగుల సీరంలో గుర్తించారు. వాపు కబురు అందాక కాలేయం తయారుచేసే ప్రోటీన్ అది. పెరగడం మొదలవడానికే 6 నుంచి 8 గంటలు, తారస్థాయికి దాదాపు 2 రోజులు పడుతుంది. కాబట్టి నొప్పి మొదలైన 3 గంటలకు సిఆర్‌పి మామూలుగా ఉందని ఊరట పడకూడదు. అదే రెండో రోజున బాగా ఎక్కువుంటే అపెండిక్స్ కుళ్ళిందేమో, చిల్లు పడిందేమో అని డాక్టర్లు జాగ్రత్తపడతారు. కాలేయం రక్తం నుంచి తొలగించే పసుపు పదార్థం బిలిరుబిన్ పెరగడమూ అలాంటి హెచ్చరికే. పేగులోని సూక్ష్మజీవులు, వాటి విషాలు రక్తంలో కాలేయానికి చేరి దాని పనిని దెబ్బతీస్తాయి. ఇవేవీ ఒంటరిగా రోగాన్ని తేల్చవు. అల్ట్రాసౌండో సిటి స్కానో తోడు కావాలి.

మీ ఇంట్లో ఎవరికైనా బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి జారితే, మొదలైన వేళ రాసిపెట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి, ఆ వేళ డాక్టరుకు చెప్పండి. చీటీ బాగానే ఉందని ఇంటికి పంపినా నొప్పి పెరుగుతుంటే మళ్ళీ వెళ్ళండి.