ఈలపాట రఘురామయ్య: మూడు నిమిషాల ప్లేటులో ఇరికిన గొంతు.. అసలు ఎలా వినాలి?

ఎమ్మిగనూరు, ఆదోని వైపు పద్యనాటకం కొత్తేమీ కాదు. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉండేది. నాటకాల్లో పాటలు, పద్యాలను రాగాలతో పాడించే పద్ధతికి ఊపు తెచ్చిన ధర్మవరం రామకృష్ణమాచార్యులుది ఆ బళ్లారే. ఆ పద్ధతి తెలుగునాడంతా పాకాక వెలిగిన గొంతుల్లో ఈలపాట రఘురామయ్యది ఒకటి. ఆయన పాత రికార్డు వింటే నేటి కుర్రాళ్లకు సాగదీతలా అనిపించొచ్చు. కానీ అసలు విద్య ఉన్నది ఆ సాగదీతలోనే!

ఎవరీయన?
1901లో గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టారు. అసలు పేరు కల్యాణం వెంకట సుబ్బయ్య. కృష్ణుడి వేషానికి పెట్టింది పేరు. నోట్లో వేలు పెట్టుకుని ఈల వేస్తే పిల్లనగ్రోవి ఊదినట్టే ఉండేది. 1933లో ‘పృథ్వీపుత్ర’తో సినిమాల్లోకి వచ్చారు. 1973లో సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. 1975లో కన్నుమూశారు.

పద్యంలో కొత్తదనం ఏంటి?
ఛందస్సు ఉంది కాబట్టి మాట మారదు. కానీ తాళం కట్టుబాటు లేదు. ఎక్కడ ఆగాలి, రాగం ఎంత తీయాలి అన్నది నటుడు అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిందే. హార్మోనిస్టు వెంట నడుస్తాడు. జనం ‘వన్స్‌మోర్’ అంటే అదే పద్యం, కానీ సంగతులు వేరు. అమెరికా జాజ్ గాయకులు చేసేదీ ఇలాంటి పనే. 1926లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ‘హీబీ జీబీస్’ రికార్డులో మాటలు వదిలేసి, అర్థంలేని అక్షరాలతో గొంతునే వాద్యం చేశాడు. మన రఘురామయ్యకు ఆ వాద్యం ఈల.

మరి చిక్కెక్కడ?
అప్పటి 78 ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలే. స్టేజీ మీద జనం ఊపును బట్టి సాగే రాగాన్ని అందులో కుదించక తప్పదు. వన్స్‌మోర్ అనేవాళ్లూ ఉండరు.

ఇలా విని చూడండి
మొదటిసారి మాట మీద దృష్టి పెట్టండి. రెండోసారి పాదం చివరి అక్షరం దగ్గర గొంతు ఎటు తిరుగుతుందో గమనించండి. తర్వాత అదే పద్యం మరో నటుడి గొంతులో వినండి. తేడా తెలిసిపోతుంది.

ఒక్క మాట.. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి, జారితే పగిలిపోతాయి. మీ ఇంటి అటక మీద తాతల నాటివి ఉంటే పాత సామానుకు వేయకండి. ఎవరితోనైనా డిజిటల్‌లోకి ఎక్కించండి. పగిలిన ప్లేటుకు వన్స్‌మోర్ ఉండదు.