ఒకటేనా? వేరేనా?

మాఘ, ఫాల్గుణ మాసాల్లో తాడేపల్లి నుంచి బయలుదేరి గుంటూరు దాటి మిరప పొలాల వైపు ఎప్పుడైనా వెళ్ళారా? కల్లాల నిండా ఎర్రగా కాయలు ఎండుతుంటాయి. వాటి మధ్య కూచుని ఆడవాళ్ళు తాలు కాయలు ఏరుతుంటారు. రంగు పోయి తెల్లబారిన కాయే తాలు కాయ. మంచి కాయలో అది కలిసిందంటే యార్డులో ధర తగ్గిపోతుంది. ఆ ఏరేవారి చేతులు ఎంత వేగంగా ఆడతాయంటే, అసలు ప్రతి కాయనూ చూస్తున్నారా అని మనకు అనుమానం వస్తుంది. చూస్తూనే వుంటారు.

ఆ పక్కనే నాలుగేళ్ళ పిల్లవాడు కూచున్నాడనుకోండి. "అమ్మా, నేనూ ఏరతా" అంటాడు. పూర్తిగా తెల్లబడిన కాయను టక్కున తీసేస్తాడు. తొడిమ దగ్గర కొంచెమే తెల్లమచ్చ వున్న కాయను మాత్రం మంచివాటిలోనే వదిలేస్తాడు. వాడికి మచ్చ కనబడలేదా?

మీ తమ్ముడు ఒకటో తరగతి వాచకంలో 'పంట'ను 'వంట' అని చదివినప్పుడు వచ్చే ప్రశ్న కూడా ఇదే. దానికి చాలా చోట్ల దొరికే జవాబు ఒక మొట్టికాయ. "వీడికి చదువు రాదు" అనే ముద్ర కూడా అప్పుడే పడిపోతుంది. నిజంగా ఆ తలలో ఏం జరుగుతోందో శాస్త్రజ్ఞులు ఓపికగా వెతికారు. చూద్దాం రండి.

తేడాను పసిగట్టే శక్తి పిల్లలకు మనం నేర్పేది కాదు. అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఫాంట్జ్ 1964లో పసిపాపలకు రెండేసి బొమ్మలు చూపించాడు. ఒక బొమ్మ ప్రతిసారీ అదే. రెండోది ప్రతిసారీ కొత్తది. రెండు నెలలు దాటిన పాపలు పాత బొమ్మ మీద క్రమంగా ఆసక్తి పోగొట్టుకుని కొత్తదాని వైపే ఎక్కువసేపు చూశారు. "ఇది ఇందాకటిదే" అని గుర్తించకపోతే అలా విసుగు పుట్టదు కదా! మాట రాని పాపకే ఇది వుంటే, నాలుగేళ్ళవాడికి వచ్చిన ఇబ్బంది ఏమిటి?

దీనికి చక్కని జవాబు ఫ్రాన్సులో దొరికింది. ఎలియాన్ వుర్పియో అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండేసి ఇళ్ళ బొమ్మలు గీయించింది. ఒక్కో ఇంటికి ఆరు కిటికీలు. కొన్ని జతల్లో ఇళ్ళు రెండూ అచ్చంగా ఒకేలా వుంటాయి; కొన్నింటిలో కిటికీలు తేడాగా వుంటాయి. మూడు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలకు వాటిని చూపించి, వారి కళ్ళు ఎటు తిరుగుతున్నాయో కెమెరాతో చిత్రించింది. 1968లో ఫలితాలు ప్రకటించింది. పెద్దపిల్లలు ఎడమ ఇంట్లో ఒక కిటికీ, కుడి ఇంట్లో దాని జత కిటికీ, మళ్ళీ తర్వాతి జత, ఇలా పోల్చుకుంటూ వెళ్ళారు. చిన్నపిల్లలు అక్కడో కిటికీ, ఇక్కడో కిటికీ చూసి, అన్నీ చూడకముందే జవాబు చెప్పేశారు. తేడా వున్న ఇళ్ళను కూడా "ఒకేలా వున్నాయి" అన్నారు.

గమనించారా? లోపం కంటిది కాదు. వెతికే పద్ధతిది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ఇంకా అలవాటు కాలేదు. మిరపకాయ దగ్గరా అంతే. అమ్మ కాయను తొడిమ నుంచి మొన దాకా చూస్తుంది. పిల్లవాడు మధ్యలో ఎర్రగా వుంటే చాలనుకుంటాడు.

ఇది మీరే ఇంట్లో చేసి చూడవచ్చు. తెల్లకాగితం మీద ఆరేసి కిటికీలున్న రెండు ఇళ్ళు గీయండి. ఒక్క కిటికీకి మాత్రం పూలకుండీ పెట్టండి. చెల్లాయిని ఎదురుగా కూచోబెట్టి అడగండి. జవాబు కన్నా ఆమె కళ్ళను చూడండి. తర్వాత ఒక్కో జత కిటికీల మీద వేలు పెట్టించి మళ్ళీ అడగండి.

అడిగే మాట దగ్గర మాత్రం జాగ్రత్త! "ఇవి రెండూ ఒకటేనా?" అంటే, "కాదు, రెండు" అంటుంది. ఆమె మాట తప్పు కాదు. మన భాషలో 'అదే' వేరు, 'అలాంటిదే' వేరు. 'వేరేది' అనే మాట ఇంకా గడుసుది. "వేరేది ఇవ్వు" అంటే "మరొకటి ఇవ్వు" అని కూడా అర్థం వస్తుంది. ఇంగ్లీషు పిల్లలకూ ఈ తిప్పలే. స్కాట్లండులో మార్గరెట్ డొనాల్డ్‌సన్, రోజర్ వేల్స్ మూడున్నర, నాలుగేళ్ళ పిల్లలకు ఒక వస్తువు చూపి, దీనికి భిన్నమైనది తీయమంటే, చాలామంది దాన్ని పోలినదే తీసి ఇచ్చారు. 1970లో ఇది అచ్చయింది. పిల్ల తప్పు చెప్పిందనుకునే ముందు, మనం అడిగినది ఏమని వినబడిందో ఆలోచించాలి.

ఇక అక్షరాల సంగతి. ఇక్కడ పిల్లల మీద నాకు నిజంగా జాలి కలుగుతుంది. పుట్టినప్పటి నుంచి వాళ్ళు నేర్చుకున్న పాఠం ఏమిటి? చెంబును ఎటు తిప్పినా చెంబే. బోర్లించినా చెంబే. అమ్మ అటు తిరిగినా ఇటు తిరిగినా అమ్మే. బడిలో అడుగుపెట్టగానే ఈ నియమం రద్దయిపోతుంది. 6ను తలకిందులు చేస్తే 9. ఇంగ్లీషు చిన్నబడి 'బి'ని అటు తిప్పితే 'డి'. 

అమెరికాలో ఎలినార్ గిబ్సన్, ఆమె సహచరులు 1962లో అక్షరాల్లాంటి కొత్త గుర్తులు తయారుచేసి, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలను సరిగ్గా అలాంటివే ఏరమన్నారు. మూసిన గీతలో ఖాళీ పెడితే నాలుగేళ్ళవాళ్ళు కూడా చాలావరకు పట్టేశారు. గుర్తును తిప్పినప్పుడు, అద్దంలోలా మార్చినప్పుడు మాత్రం బాగా పొరపడ్డారు. ఆ పొరపాట్లు ఎనిమిదేళ్ళ వయసుకు చాలా తగ్గిపోయాయి. చెంబుకు చిల్లు పడితే నీళ్ళు కారిపోతాయి. కనుక ఆ తేడా ముందే తెలుసు. తిప్పితే వచ్చే తేడాతో అప్పటిదాకా పనిపడలేదు!

మన తెలుగు అక్షరాల్లో అద్దపు జతల కన్నా చిన్న గుర్తుల పేచీ ఎక్కువ. 'ర' నడుమ చుక్క పెడితే 'ఠ'. 'ద' కింద నిలువు గీత పెడితే 'ధ', లోపల చుక్క కూడా పెడితే 'థ'. 'ప', 'వ'ల మధ్య తేడా ఎంత! పెద్దల కంటికి ఇవి వేర్వేరు అక్షరాలు. పిల్లలకు ఒకే అక్షరం, దాని మీద ఈగ వాలినట్లు.

మరేం చేయాలి? ఒక అక్షరం ఇవాళ, దాని జోడీ నెల తర్వాత చూపితే తేడా తెలియదు. రెండూ పక్కపక్కనే పెట్టాలి. 1907లో రోమ్ నగరంలో బాలల గృహం తెరిచిన మరియా మాంటిసోరి గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అట్టమీద అంటించేది. పిల్లలు వేలితో వాటిని తడిమేవారు. కన్ను దాటవేసిన మలుపు వేలికి తగులుతుంది. ఆమె 1939లో మద్రాసు వచ్చి మన దేశపు ఉపాధ్యాయులకు కూడా ఈ పద్ధతి నేర్పింది. మనకు గరుకు కాగితం అక్కరలేదు. ఇసుక పోసిన పళ్ళెం చాలు. 'పంట', 'వంట' రెండూ రాయించి, "ఎక్కడ మారింది?" అని వాళ్ళనే చూపించమనండి. మీరు చూపించకండి.

ఇదంతా చేసినా, వారాల తరబడి దగ్గరగా పెట్టుకుంటే తప్ప పోల్చలేకపోతున్నా, పుస్తకం ముక్కుకు ఆనించి చదువుతున్నా, నల్లబల్ల మీది అక్షరాలకు కళ్ళు చికిలిస్తున్నా, ఆ పిల్లను ముందు కళ్ళ డాక్టరుకు చూపించమని ఇంట్లో చెప్పండి.