కేక ఎందుకు పాతబడదు?

1980లో అమెరికాలోని వాషింగ్టనులో కొందరు యువకులు తమ రికార్డులను తామే వెలువరించుటకు డిస్కార్డ్ సంస్థను స్థాపించిరి. వారి ‘హార్డ్‌కోర్ పంక్’ పాటలు ఒకటి రెండు నిమిషముల కేకలు. మైనర్ థ్రెట్ బృందము 1983లోనే ముగిసినను దానికి నేటికిని శ్రోతలున్నారు. ఏల?

సమాజపు కుళ్లును తిట్టిపోసిన మన దిగంబరకవులను తలచిన సమాధానము లభించును. ఆరుగురు కవులు, 1965 నుండి 1968 వరకు మూడు సంపుటములు, అంతే. తొలి సంపుటమును హైదరాబాదులో అర్ధరాత్రి ఆవిష్కరించినవాడు పండితుడు కాడు, నాంపల్లి పాండు అను రిక్షాకార్మికుడు. భాష మొరటని పలువురు ఆక్షేపించిరి. ఎవరి అనుమతికిని వేచియుండక పలికినవి గనుకనే ఆ రెండు కేకలును పాతబడలేదు.

ఉపాధ్యాయులారా, అమలాపురములోనో రాజోలులోనో ఒక విద్యార్థి మొరటుగా నాలుగు పంక్తులు వ్రాసి తెచ్చినచో, ఎఱ్ఱసిరాతో దిద్దుటకు ముందు బిగ్గరగా చదివి చూడుడు. తప్పులు తరువాత దిద్దవచ్చును. అణగిన గొంతును మరల పలికించుట కష్టము.