ఫిజీ కొండ అడవుల మకరంద చిలుక

దక్షిణ పసిఫిక్ మహాసముద్రంలోని ఫిజీ దీవులకే పరిమితమైన చిన్న చిలుక ఎర్రగొంతు లోరికీట్. దీని పొడవు సుమారు 18 సెం.మీ. శరీరం ఆకుపచ్చగా, చెక్కిళ్ళు, గొంతు ఎర్రగా ఉండి, గొంతు దిగువన పసుపు పట్టీ కనిపిస్తుంది. స్థానికులు దీనిని ‘కులవై’ అంటారు. విటిలెవు, వనువలెవు, తవెయుని, ఒవలౌ దీవులలో, ముఖ్యంగా 500 మీటర్లకు పైబడిన ముదురు అడవులలో ఈ పక్షిని గుర్తించారు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో జొన్న, పొద్దుతిరుగుడు పంటలను నష్టపరిచే రామచిలుకలు గింజలు తినేవి. లోరికీట్ల ప్రధాన ఆహారం మకరందం, పుప్పొడి. వీటి నాలుక చివర కుంచెను పోలిన సన్నని మొలకలుంటాయి. గింజలను నలిపే పని అంతగా లేనందున అంతర జఠరపు కండరాలు బలహీనంగా ఉంటాయి. మకరందం శక్తిని, పుప్పొడి మాంసకృత్తులను అందిస్తాయి. పూల మధ్య తిరిగే ఈ పక్షులు పరాగ సంపర్కానికి తోడ్పడతాయి. ఒకే చెట్టు ఏడాది పొడవునా పూయదు కనుక, వేర్వేరు కాలాలలో పూసే వృక్షాలున్న విశాలమైన అడవి వీటికి అవసరం.

1993 తరువాత కులవై కనిపించినట్లు నిర్ధారణ కాలేదు. 2001, 2002లలో జరిపిన అన్వేషణ కూడా ఫలించలేదు. ముదురు అడవుల క్షీణతతోపాటు, నౌకల ద్వారా దీవులకు చేరిన నల్ల ఎలుకలే ప్రధాన కారణమని శాస్త్రవేత్తలు అనుమానిస్తున్నారు. ఈ ఎలుకలు సులువుగా చెట్లెక్కి గుడ్లను, పిల్లలను తింటాయి. లోరికీట్లలో అధిక శాతం చెట్టు తొర్రలలో గుడ్లు పెడతాయి కనుక వాటికి తప్పించుకునే అవకాశం తక్కువ. అదే దీవులలోని మరో మకరంద చిలుక, మెడపట్టీ లోరీ, తోటలలోని కొబ్బరి పూలపై కూడా ఆధారపడి జీవిస్తోంది. కొండ అడవిని వీడని కులవైకి ఆ వెసులుబాటు లేదు.

ఎలుకల నియంత్రణకు ఫిజీలో ప్రయత్నం జరగకపోలేదు. చెరకు తోటలలోని ఎలుకలను అదుపు చేసేందుకు 1883లో భారతదేశపు చిన్న ముంగిసను విటిలెవుకు తెచ్చారు. ముంగిస పగటిపూట నేలపై వేటాడుతుంది. నల్ల ఎలుక రాత్రివేళ సంచరిస్తూ చెట్లెక్కుతుంది. రెండింటి వేళలు, తావులు కలవనందున ఎలుకల బెడద తీరలేదు. పైగా నేలపై గూడు కట్టే పక్షులు ముంగిసలకు ఆహారమయ్యాయి.

జీవ నియంత్రణకు అన్యదేశపు జీవిని ఎంపిక చేసేటప్పుడు మూడు అంశాలను ముందుగా పరీక్షించాలని ఈ అనుభవం తెలియజేస్తుంది: ఆ జీవి, పురుగు లేదా ఎలుక సంచరించే వేళలు కలుస్తాయా, రెండూ ఒకే తావున ఉంటాయా, లక్ష్యం కాని జీవులను అది తింటుందా. ఒకసారి అడవికి చేరిన ముంగిసను తిరిగి తొలగించడం అత్యంత కష్టం కనుక ఈ పరీక్ష విడుదలకు ముందే పూర్తి కావాలి.